లేసు దారంతో కట్టిన ఫ్యాను

రెండు కొట్టిందో లేదో కరెంటు పోయింది. పై ఫ్యాను మొహమాటానికి ఇంకో నాలుగు చుట్లు తిరిగి, కిర్రుమని ఒళ్ళు విరుచుకుని ఆగింది. పక్క సందులో పిండిమర ఆగింది. ఎదురింటి టీవీలో ఏడుస్తున్నావిడ ఏడుపు మధ్యలోనే తెగిపోయింది. వలంధర రేవు దాకా నర్సాపురం మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకున్నట్టయింది. ఆ నిశ్శబ్దంలో గణేష్‌బాబు ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి, మంచం మీద పడుకున్న భార్య దుర్గాశ్రీ కనురెప్పల వైపు చూస్తూ కూర్చున్నాడు. రెప్ప కదల్లేదు. కంప్యూటర్ మాత్రం ఆగలేదు, నడుస్తోంది. తెర మీద బంగార్రాజుగారి అమ్మాయి పెళ్ళి టైటిళ్ళు తయారవుతున్నాయి, ముప్పై ఒకటి పర్సెంటు అని చూపిస్తోంది. కంప్యూటర్‌కి కరెంటు మంచం కింది ఇన్వర్టర్ నుంచి వస్తోంది. కరెంటు పోగానే కుయ్యిమనే దాని గంటలో పొద్దున్నే దూది కుక్కేశాడు, అదీ దుర్గాశ్రీ సంచీలోంచి తీసిన ఆసుపత్రి దూదే. ఇక మిగిలింది ఒకే ఒక్క చప్పుడు. గ్రాఫిక్స్ కార్డు మీది ఫ్యాను. దాని కోసమే విన్నాడు. ఉందా? ఉంది, కానీ పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టుంది, అంతే. గణేష్‌బాబు పట్టిన ఊపిరి వదిలాడు, ఆ ఊపిరే కంప్యూటర్ కంటే పెద్దగా వినిపించి మళ్ళీ ఉలిక్కిపడ్డాడు.

ఒప్పందం చిన్నదే. దుర్గాశ్రీ ఒంటిగంటకి పడుకుని మూడింటి దాకా నిద్రపోతుంది. ఈలోపల ఆ పెట్టె చప్పుడుకి మెలకువ వచ్చిందా, సాయంత్రం అయిదింటికి జగన్నాథరావుగారు అడ్వాన్సు తీసుకుంటారు, స్టీమర్ రోడ్డులో ఆయన మేడ మీద గది గణేష్‌బాబుదవుతుంది, కంప్యూటరూ టేబులూ కుర్చీ గణేష్‌బాబూ రిక్షా ఎక్కి ఆ గదికి పోతారు. మెలకువ రాలేదా, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. వినడానికి సుఖంగానే ఉంది. స్టీమర్ రోడ్డు గది మంచిదే, రెండు కిటికీలున్నాయి, కిందే టీ కొట్టుంది. కానీ దుర్గాశ్రీకి పాలకొల్లు నర్సింగ్ హోములో ఈ నెలంతా నైట్ డ్యూటీ. గణేష్‌బాబుకి ఈ నెలంతా రాత్రి ముహూర్తాలు, వీడియో కెమెరా భుజానికెత్తుకుని తెల్లవారేదాకా తలంబ్రాల వెనకా అప్పగింతల వెనకా తిరగడమే. ఇద్దరూ ఒక కప్పు కింద ఉండేది పగలే. ఆ పగలు కూడా తను మేడ మీద, ఆవిడ పెంకుటింట్లో ఉంటే ఇక కాపురం అనేది తాళంచెవి ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర మాత్రమే మిగులుతుంది. కూతురు రమ్యశ్రీ సెలవులకి సఖినేటిపల్లి తాతగారింటికి వెళ్ళింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అది అడిగేది, నాన్న ఎప్పుడొస్తారమ్మా అని, ఊళ్ళోనే ఉన్న నాన్న గురించి. ఈ మాట తలుచుకుంటే గణేష్‌బాబుకి నవ్వొచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు. మొన్న మంగళవారం నిలబడే కునుకు తీసి, మంచం మీది పేషెంటుని వదిలేసి, పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన బావమరిదికి బీపీ చూసింది. చూడ్డమే కాదు, రాసేసింది కూడా. బావమరిది మహదానందంగా చెయ్యి చాపి చూపించుకున్నాడట. పెద్ద సిస్టర్ చివాట్లు పెట్టింది, ఇంకోసారి ఇలాగైతే డ్యూటీకి రానక్కర్లేదంది. ఇంటికొచ్చి చెప్తూ దుర్గాశ్రీ మొదట నవ్వింది, తరువాత నవ్వు ఆపేసింది. "ఇవాళ బావమరిదికి బీపీ అండి. రేపు ఇంజెక్షనైతేనో?" అంది. దానికి సమాధానం ఆ పెట్టెలోనే ఉంది.

అరవై ఎనిమిది. తెర మూల చిన్న గడిలో కార్డు వేడి చూపిస్తోంది. అరవై ఎనిమిది డిగ్రీల సెంటీగ్రేడంటే దానికి చల్లగా ఉన్నట్టే. నూట అయిదు దాటితే బొమ్మ ముక్కలైపోతుంది, పెళ్ళికూతురి ముక్కు ఒకచోట, ముక్కుపుడక ఇంకోచోట. ఆ తరువాత మొత్తం బిగుసుకుపోయి మొదటికొస్తుంది. మొదటికొస్తే కుదరదు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఆరింటి రైలుకి వెళ్ళిపోతున్నారు, సీడీ చేతిలో పెట్టాలి, బంగార్రాజుగారికి మాటిచ్చాడు. అందుకే ఇవాళే ఈ గంటలోనే ఇది పూర్తవ్వాలి, అందుకే ఇవాళే ఈ గంటలోనే దుర్గాశ్రీ నిద్ర కూడా పూర్తవ్వాలి. రెండు పడవల మీద చెరో కాలంటారు గానీ, ఇదేమో ఒకే పడవలో ఇద్దరు ప్రయాణికులు, ఒకరికి చలి, ఒకరికి ఉక్క. పడవ అనుకోగానే నాన్న గుర్తొచ్చాడు. భీమరాజు అంటే రేవులో అందరికీ తెలుసు, ఇరవై ఆరేళ్ళు లాంచీ నడిపాడు. ఇంజను పాడైతే విప్పేవాడు కాదు ముందు. పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని, మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. పక్కన రేవు దాటించే పంటు మీద జనం, బస్సు హారన్లు, కోళ్ళ గంపలు, ఎంత గోలైనా సరే. కాసేపటికి కళ్ళు తెరిచి, "రెండో బేరింగులో బాల్సు అరిగిపోయాయిరా" అనేవాడు. విప్పితే నిజంగానే రెండో దాంట్లో బాల్సు అరిగిపోయి ఉండేవి. ఆ విద్య గణేష్‌బాబుకి కూడా వచ్చింది, కానీ లాంచీకి కాదు, అరచేతిలో సగముండే కార్డుకి. మొన్న బుధవారం సన్న స్క్రూడ్రైవర్ కార్డు మీద పెట్టి పిడి చెవికి ఆనించుకుంటే లోపల రెండు గొంతులు వినిపించాయి. ఒకటి టిక్కు టిక్కు. ఇంకోటి దోమ మూలుగు. టిక్కు టిక్కు సంగతి ముందు చూద్దామని విప్పితే రెక్కల మధ్య ఇరుక్కుని మూడు పసుపు బియ్యపు గింజలు. అక్షింతలు! పెళ్ళిళ్ళ నుంచి రాగానే కెమెరా సంచీ తీసుకెళ్ళి పెట్టేది కంప్యూటర్ పెట్టె మీదే. సంచీ నిండా అక్షింతలే, ఎవరు ఎవరిని దీవించినా కెమెరా వాడి నెత్తి మీద సగం పడాల్సిందే. ఎన్ని జంటల దీవెనలు ఆ ఫ్యానులోకి వెళ్ళాయో. గింజలు తీసి దుర్గాశ్రీకి చూపిస్తే, "మనకి దీవెనలు ఎక్కువై చప్పుడొస్తోందన్నమాట" అంది ఆవలిస్తూ.

డెబ్బై మూడు. దుర్గాశ్రీ అటు తిరిగి పడుకుంది. తిరగడం మెలకువ కాదు. తిరగడం నిద్రలో భాగమే, అని తనకి తాను తీర్పు చెప్పుకున్నాడు. దోమ మూలుగు మాత్రం గింజలు తీసినా పోలేదు. దానికి చేసిన వైద్యం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. క్రితం సంక్రాంతికి ముందే మొదలైంది ఆ మూలుగు. ఏ బేరింగు మూలిగినా చుక్క నూనె వెయ్యాలని తెలుసు, ఏ నూనె అన్నది ఆలోచించలేదు. కోనసీమ తల్లి కడుపున పుట్టినవాడికి నూనె అంటే ఒక్కటే నూనె. తలుపు బందుకైనా, తలకైనా, కాలిన చేతికైనా కొబ్బరినూనే. ఫ్యాను మీద అంటించిన కాయితం ఒలిచి, రెండు చుక్కలు వేస్తే, అబ్బ, ఎంత హాయిగా తిరిగిందో, గదంతా పెళ్ళికూతురి జడ వాసన. నాలుగు రోజులు రాజ్యం ఏలాడు. అయిదో రోజు తెల్లవారుజామున మంచు పడింది. సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టింది, ఫ్యానులోనిది మాత్రం కట్టదా? మెషీన్ ఆన్ చేస్తే ఫ్యాను ఉన్నచోటే వణికింది, తిరగలేదు, రెండు నిమిషాల్లో తెర మీద హోళీ. దుర్గాశ్రీ అప్పుడు పగటి డ్యూటీ, ఇంట్లోనే ఉంది, చూసి సీసా తీసుకెళ్ళి ఎండలో పెట్టింది. అంతకంటే పెద్ద తిట్టు ఉంటుందా? ఆ తరువాత పక్కింటి సంపూర్ణమ్మగారి దగ్గర కుట్టుమిషను నూనె తెచ్చాడు. అది కొంచెం నయం. మూలుగు సన్నబడింది, కానీ పోలేదు. చిన్న ఫ్యాను కదా, చేతి గడియారమంత, కార్డు చల్లబడాలంటే చచ్చేట్టు పరిగెత్తాలి, పరిగెత్తే చిన్నవాడు రొప్పుతాడు. పెద్దవాడైతే మెల్లిగా నడిచినా అదే పని అవుతుంది. ఈ మాట తోచిన రోజు గణేష్‌బాబు అన్నం తింటున్నాడు, చెయ్యి కడుక్కోకుండా లేచిపోయాడు.

పెద్ద ఫ్యాను అటక మీదే దొరికింది, చచ్చిపోయిన పాత పవర్ సప్లయిలో, అరచేయంత. చిన్నది పీకేసి దాని బదులు ఇది పెట్టాలి, కానీ మరలు కలవవు. తీగతో కడితే రేకుకి తగిలి గదంతా జుమ్మంటుంది, ఆ జుమ్ము దోమ కంటే హీనం. రబ్బరు బ్యాండు వేడికి రెండు రోజుల్లో తెగింది. మూడో రోజు సంపూర్ణమ్మగారి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు లేసు అల్లుతున్నారు, ఒళ్ళో తెల్ల దారం ఉండలు. ఆ దారం లాగి చూశాడు, ఎంత లాగినా తెగదు, మెత్తగా ఉంటుంది, రేకుకీ రేకుకీ మధ్య చప్పుడు దాటనివ్వదు. అడిగితే ఆవిడ కళ్ళజోడు మీద నుంచి చూసి, "ఎందుకు నాయనా?" అంది. కంప్యూటర్‌లో ఫ్యాను వేలాడగట్టడానికి అన్నాడు. "కంప్యూటర్‌కి ఉయ్యాలా? బారసాల ఎప్పుడో చెప్పు, వస్తాం" అంది, నలుగురూ ఘొల్లుమన్నారు. నవ్వితే నవ్వారు, దారం ఇచ్చారు, ముడి ఎలా వెయ్యాలో కూడా చూపించారు. నాలుగు మూలలా నాలుగు దారాలు, కార్డు మీద వేలెడు ఎత్తులో ఫ్యాను ఉయ్యాలలో ఊగుతున్నట్టే ఉంది. ఆఖరి మంత్రం తీగల్లో ఉంది. ఫ్యానుకి వెళ్ళే పసుపు తీగ పన్నెండు వోల్టులు, అది తీసి అయిదు వోల్టుల ఎర్ర తీగకి కలిపాడు. పరుగు పోయి నడక వచ్చింది. నిన్న సాయంత్రం మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆగిపోయిందేమో అనుకుని వేలు పెట్టి చూశాడు, గోరు మీద టపటపా కొట్టింది. ఆనందంతో వీధిలోకి పరిగెత్తాడు గానీ ఎవరికి చెప్పాలో తెలియలేదు, చప్పుడు రాలేదోచ్ అని ఎవరితో అంటాడు, చప్పుడు రాని వస్తువులు ఊళ్ళో లక్ష ఉన్నాయి.

ఎనభై ఒకటి. నలభై ఏడు పర్సెంటు. ఇదీ నిన్న సాయంత్రం తెలియని సంగతి. నిన్న పై ఫ్యాను తిరుగుతోంది, గదిలో గాలి ఆడుతోంది. ఇవాళ రోహిణీ కార్తె మధ్యాహ్నం, కరెంటు కోత సమయం, కిటికీలు మూసిన గది, పెంకులు పైనుంచి కాలుస్తున్నాయి. నడిచే ఫ్యాను వేడి గాలినే తీసి వేడి కార్డు మీద పోస్తోంది. ఇన్వర్టర్ మీద పై ఫ్యాను కూడా వేసుకోవచ్చుగా అంటే అది లారీ బ్యాటరీతో కట్టిన పాత సరుకు, బిగించిన రోజే ఎలక్ట్రీషియన్ చినబాబు చెప్పేశాడు, "కంప్యూటరో ఫ్యానో, ఏదో ఒక్కటేనండి. రెండూ పెట్టారంటే రెండూ పోతాయి" అని. గణేష్‌బాబు కంప్యూటర్ అన్నాడు. అప్పుడు చలికాలం. ఎవరన్నా చలికాలంలో పై ఫ్యాను గురించి ఆలోచిస్తారా? ఇప్పుడు ఆలోచిస్తున్నాడు. ఎందుకంటే దుర్గాశ్రీ నుదుటి మీద చిన్న చిన్న చెమట ముత్యాలు, ఒకటి పక్కనున్నదాన్ని కలుపుకుని కణత మీదుగా జారుతోంది. చెయ్యి కదిలింది. మెడ తుడుచుకుంది. నిద్రలోనే. నిద్రలోనేనా? గణేష్‌బాబు బుర్రలో వెంటనే ఒక వకీలు లేచి నిలబడ్డాడు. ఒప్పందం చప్పుడు గురించే గానీ ఉక్క గురించి కాదు, ఉక్కకి మెలకువ వస్తే కక్షిదారుకి సంబంధం లేదు. ఆ వకీలుకి వెంటనే ఇంకో వకీలు అడ్డుపడ్డాడు. ఉక్క ఎందుకు? ఫ్యాను లేక. ఫ్యాను ఎందుకు లేదు? ఇన్వర్టర్ కంప్యూటర్‌కి ఇచ్చినందుకు. ఎవరిచ్చారు? ఇదుగో, ఈ పెద్దమనిషే. కేసు పోయింది. గణేష్‌బాబు కుర్చీలోంచి పిల్లిలా లేచి, గోడకి వేలాడుతున్న తాటాకు విసనకర్ర తీసి, మంచం పక్కన నేల మీద కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

నాలుగు విసుర్లకి ఆవిడ ముఖం విప్పారింది. ముంగురులు లేచి పడుతున్నాయి. ఆశ్చర్యం, ఈ ముఖం ఇలా నిద్రపోతుండగా చూసి ఎన్నాళ్ళయిందో. పెళ్ళిళ్ళలో రోజుకో పెళ్ళికూతురి ముఖం దగ్గరగా చూస్తాడు, కెమెరా కన్నులోంచి, కన్నీటి బొట్టు ఎక్కడ నిలబడుతుందో ముందే చెప్పగలడు. పదమూడేళ్ళ క్రితం అంతర్వేదిలో తన పక్కన కూర్చున్న పెళ్ళికూతురికి ఎడమ కనుబొమ్మ మీద ఈ పుట్టుమచ్చ ఉందా? ఉండే ఉంటుంది. అప్పుడు వీడియో తీసినవాడు లైటు ఎక్కువ పెట్టేశాడు, క్యాసెట్లో అందరూ పిండి బొమ్మల్లా ఉంటారు. తాను తీసుంటే ఇలా ఉండేది కాదు. తన పెళ్ళి తాను ఎలా తీసుకుంటాడు, వెర్రి. విసురు, విసురు. విసనకర్ర అంచు తడిపితే ఇంకా చల్లగా ఉంటుందని కూజాలో ముంచాడు. ఆవిడ పెదవుల మీద నవ్వులాంటిది వచ్చింది. అటు తల తిప్పి చూస్తే ఎనభై తొమ్మిది! గబుక్కున విసనకర్ర అటు తిప్పాడు, తిప్పాక గుర్తొచ్చింది తడిపిన సంగతి, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అంచున ఒక నీటి బొట్టు, ముత్యమంత, కార్డుకి సూటిగా పైన, వేలాడుతోంది. పెట్టె పక్క రేకు ముందే విప్పి ఉంచాడు గాలి ఆడుతుందని. గణేష్‌బాబు ఎడమ చేతిని మెల్లిగా, చాలా మెల్లిగా, పాము పడగ కిందికి పోనిచ్చినట్టు పోనిచ్చాడు. బొట్టు అరచేతిలో పడింది. లుంగీతో విసనకర్ర పొడిగా తుడిచి, ఇక్కడ పది విసుర్లు, అక్కడ పది విసుర్లు అని లెక్క పెట్టుకున్నాడు. అక్కడ పది అయ్యేసరికి ఎనభై ఆరు, ఇక్కడ పది అయ్యేసరికి ఎనభై ఎనిమిది. బేరం పర్వాలేదు.

అప్పుడు వీధి గేటు చప్పుడైంది. ఆ వెనకే గొంతు. ఆ గొంతు తెలియనివాళ్ళు నర్సాపురంలో లేరు, జగన్నాథరావుగారు గుసగుసలాడితే సఖినేటిపల్లిలో వినిపిస్తుందంటారు. "ఏవండీ గణేష్‌బాబుగారూ! ఉన్నారా లోపల!" గణేష్‌బాబు చేతిలో విసనకర్రతోనే గుమ్మం దాకా ఒక్క గెంతు గెంతాడు, రెండు చేతులూ ఎత్తి ఊపాడు, రైలుకి ఎర్రజెండా ఊపినట్టు.

"మెల్లిగా అండీ, మెల్లిగా. అయిదింటికి కదండీ రమ్మన్నాను?"

"ఇటు పోస్టాఫీసుకి వచ్చానండీ, దారే కదా అని. ఏంటండీ, ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాలేదా? జ్వరమా?"

"జ్వరం కాదండి. నిద్ర."

"నిద్రా? దానికింత రహస్యమేంటండీ, నేనింకా ఎవరికన్నా ప్రాణం మీదికొచ్చిందనుకున్నా!" తలుపు సందులోంచి మంచాన్నీ, విసనకర్రనీ, గణేష్‌బాబు చంకల కింద తడిసిన బనీనునీ ఒక్కొక్కటిగా చూశారు. గొంతు తగ్గించారు, తగ్గిస్తే మామూలు మనిషి గొంతయింది. "మీరు విసురుతున్నారా అండీ? ఆవిడకి?"

"ఆవిడకీ, కంప్యూటర్‌కీ అండి."

"కంప్యూటర్‌కి అని చెప్పండి బాబూ బయట ఎక్కడన్నా. ఆవిడకి అని మా ఇంట్లో తెలిసిందంటే రేపట్నుంచి నా చేతికి పెడుతుంది విసనకర్ర." అయిదింటికే వస్తానని చెప్పి, ముని వేళ్ళ మీద మెట్లు దిగి, గేటు మాత్రం ధడాలున వేసి వెళ్ళిపోయారు.

వెనక్కి వచ్చి చూస్తే దుర్గాశ్రీ కదల్లేదు. కళ్ళు మూసే ఉన్నాయి, ఊపిరి ఒకేలా ఉంది. ఆ గొంతుకి లేవని మనిషి గ్రాఫిక్స్ కార్డు మూలుగుకి ఎందుకు లేస్తుంది? గణేష్‌బాబు మళ్ళీ కూర్చుని విసురుతూ ఆ సంగతి లోతుగా ఆలోచించాడు. నాన్న కూడా అంతే. లాంచీలో ఇంజను పక్కనే తల పెట్టుకుని, ఆ ధడధడల్లోనే గుర్రుపెట్టేవాడు, ఇంజను గొంతు ఒక్క పిసరు మారితే మాత్రం చటుక్కున లేచి కూర్చునేవాడు. పెద్ద చప్పుడు లేపదు, మారే చప్పుడు లేపుతుంది. వార్డులో నర్సు కూడా అంతే కదా, అందరి గురకల మధ్య ఒక్క పేషెంటు ఊపిరి తేడా పడితే తెలియాలి. అంటే ఆవిడకి అలవాటైన చెవి అది. కార్డు ఫ్యాను పని పెరిగినప్పుడల్లా గొంతు పెంచేది, పని తగ్గితే దించేది, ఆ ఎక్కడం దిగడమే ఆవిడని లేపింది ఇన్నాళ్ళూ. అహా! కనిపెట్టేశాడు! పదమూడేళ్ళ కాపురంలో కనిపెట్టని సంగతి ఇవాళ కనిపెట్టాడు. అంటే ఇప్పుడు తీగ మార్చి వేగం పెంచకూడదు, చచ్చినా పెంచకూడదు, విసనకర్ర కూడా ఒకే తాళంలో పోవాలి. అరవై తొమ్మిది పర్సెంటు. తొంభై ఒకటి. కుడి చెయ్యి కట్టెలా అయింది, ఎడమ చేతికి మార్చాడు. ఎడమ చేతికి తాళం రాదు. మళ్ళీ కుడి. తొంభై రెండు. భుజం మీద రోజూ నాలుగు గంటలు కెమెరా మోసేవాడికి తాటాకు బరువా, కానీ కెమెరా కదలకుండా ఉండాలి, ఇది కదులుతూనే ఉండాలి. ఇక్కడ పది. అక్కడ పన్నెండు, ఎందుకంటే తొంభై మూడు. చెమట కళ్ళలోకి దిగి మండుతోంది. తుడుచుకోవాలంటే చెయ్యి ఆగాలి. తొంభై నాలుగు. ఇక మొహమాటం లేదు, పూర్తిగా అటు తిరిగి రెండు చేతులతో విసనకర్ర పట్టుకుని కార్డు మీదే విసరడం మొదలుపెట్టాడు. పదిహేను. ఇరవై. ఇరవై అయిదు.

"ఏవండీ. గాలి అటే ఉండిపోయిందేంటి?"

గణేష్‌బాబు చేతిలో విసనకర్ర బిగుసుకుపోయింది. స్టీమర్ రోడ్డు, రెండు కిటికీలు, కింద టీ కొట్టు, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. మెల్లిగా తల తిప్పాడు. దుర్గాశ్రీ కళ్ళు తెరవనేలేదు. ఎడమ బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని అలాగే పడుకుని ఉంది, పెదవులు మాత్రం కదిలాయి.

"లేచావా?" అన్నాడు.

"ఎప్పుడో లేచాను."

"దాని చప్పుడుకా?"

"దాని చప్పుడెక్కడండీ, వినపడలేదు. జగన్నాథరావుగారు జ్వరమా అన్నారే, అప్పుడు లేచాను."

గణేష్‌బాబు లెక్క వేసుకున్నాడు. జగన్నాథరావుగారు వెళ్ళి పాతిక నిమిషాలు. నర్సు చెవి సిద్ధాంతం, మారే చప్పుడు, పదమూడేళ్ళ కాపురంలో మొదటి ఆవిష్కరణ, అన్నీ ఆ పాతిక నిమిషాల్లో పుట్టినవే. "మరి లేచినదానివి కళ్ళు మూసుకుని పడుకున్నావేం?"

"తెరిస్తే మీరు మానేస్తారు." ఇప్పుడు తెరిచింది. కళ్ళలో నిద్ర లేదు, తేటగా ఉన్నాయి. "నేను పుట్టి బుద్ధెరిగాక నాకెవరు విసిరారండీ? నేనే అందరికీ. వార్డులో కరెంటు పోతే అట్ట ముక్క పెట్టి పేషెంట్లకి విసురుతా. ఇవాళేదో యోగం పట్టింది, కదలకుండా అనుభవిద్దామనుకున్నా. చప్పుడు మాత్రం వినపడిందిలెండి."

"అదుగో. ఏ చప్పుడు?"

"మీ ఆయాసం. ఆ పెట్టె నయం."

గణేష్‌బాబు నవ్వడానికి కూడా ఊపిరి లేక నేల మీదే చతికిలబడ్డాడు. దుర్గాశ్రీ లేచి జుట్టు ముడివేసుకుని, దగ్గరికొచ్చి, తెర మూల చిన్న గడిలోకి వంగి చూసింది. "తొంభై అయిదు? ఇదేనా దీని టెంపరేచర్? మనిషికైతే ఎప్పుడో తెల్లగుడ్డ కప్పేసేవాళ్ళం." ఉయ్యాల కట్టిన దారాలు చూసింది, వేలితో తాకబోయి ఆగింది. "ఎంత దాటకూడదు?" నూట అయిదు అన్నాడు. "ఇంకెంత పని ఉంది?" డెబ్బై ఎనిమిది అయింది, ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు. ఆవిడ అతని చేతిలోంచి విసనకర్ర లాక్కుంది. పెట్టె ముందు పీట వేసుకుని, చీర కొంగు నడుముకి దోపి, వార్డులో మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చుంది. అరచెయ్యి కార్డుకి దగ్గరగా పెట్టి వేడి చూసింది, పేషెంటు నుదురు చూసినట్టే. తరువాత విసరడం మొదలుపెట్టింది. అబ్బే, అతను విసిరినట్టు కాదు. మణికట్టు మాత్రమే కదులుతోంది, మోచెయ్యి కదలడం లేదు, భుజానికి తెలియనే తెలియడం లేదు. ఎన్ని రాత్రులు, ఎంతమందికి విసిరితే వచ్చిన చెయ్యో అది. తొంభై నాలుగు. తొంభై మూడు. గణేష్‌బాబు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"అలా చూస్తారేంటి, పడుకోండి. రాత్రి ముహూర్తం రెండింటికి కాదూ? అక్కడ కునుకు తీసి పెళ్ళికూతురి బదులు తోడిపెళ్ళికూతుర్ని తీసుకొస్తే నేనొప్పుకోను, కెమెరాలోనైనా సరే."

"మరి జగన్నాథరావుగారు..."

"అయిదింటికి నేను చెప్తాలెండి. గది మాకక్కర్లేదు, వేరే ఎవరికన్నా ఇచ్చుకోండని."

"నూరు పర్సెంటు రాగానే లేపు. సీడీలోకి ఎక్కించాలి."

"లేపుతా. ఈ పేషెంటు బాధ్యత నాది."

మంచం మీద ఆవిడ పడుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది, కొంచెం తడిగా ఉంది, తల కింద దిండుకి ఆసుపత్రి సబ్బు వాసన. పెంకుల సందులోంచి ఒక ఎండ చార గోడ మీద వాలింది, రేవు వైపు ఎక్కడో పంటు కూత వేసింది, నాన్న ఇప్పుడు అవతలి గట్టున మనవరాలికి ఏ ఇంజను కథ చెప్తున్నాడో, చెవికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడో ఏమిటో, దానికీ ఈ విద్య వస్తే బాగుండును. మధ్యలో ఒకసారి గాలి ఇటు తిరిగింది. ఒక విసురు, ఇంకో విసురు, ముఖం మీద చల్లగా. కార్డుకి ఎంతుందో అడగాలనుకున్నాడు. తొంభై ఒకటి అని దుర్గాశ్రీ తనకి తానే మెల్లిగా చెప్పుకోవడం వినిపించింది, ఆ తరువాత తొంభై అని కూడా అంది, ఆ తరువాత ఏమందో గణేష్‌బాబుకి తెలియదు.